గీత పడని చీరలు

బిడ్డా యాదగిరీ,

నువ్వు పోయి ఇవ్వాళ్టికి ఏడాది. మగ్గాల కాడ నువ్వు చదివి వినిపించే, రాబోయే కాలపు డిటెక్టివు కథల్లో కొత్త భాగం నకిరేకల్‌లో దొరికింది. మీ నాయిన అందరికీ చదివి వినిపించాడు.

"చంద్రుని మీద ఖూనీ అంట! గిదేం కథ?" అన్నాడు నర్సయ్య మామ.

"గా డిటెక్టివు ముసలోడైండు. ఇగ కొనొద్దు" అన్నాడు పక్క మగ్గం మల్లేశం.

నువ్వు చదువుతుంటే అందరి చేతులూ ఆగిపోయేవి. మగ్గం ఆగిన చోటల్లా చీరలో సన్నని అడ్డగీత పడేది. షావుకారు తిట్టేవాడు. ఈసారి ఒక్క గీతా పడలేదు. "నేత మంచిగున్నది" అని మెచ్చుకున్నాడు.

తప్పు కథది కాదని నేను చెప్పలేదు బిడ్డా. నువ్వు చివరిసారి చదివిననాడు నేసిన చీర దాచుకున్నాను. వేలితో తడిమితే, నువ్వు మమ్మల్ని ఎక్కడెక్కడ ఆపావో తగులుతుంది.

మీ అమ్మ