బావి పక్కన చెత్త వద్దన్న అర్జీ

ధర్మపురి జిల్లా, 24-7-2006

తమ్ముడు మారెప్పకు,

మేమంతా బాగున్నాము, దిగులు వద్దు. మనం నీళ్లు తాగే బావి పక్కనే ఊరి చెత్త పోయాలని పంచాయతీలో తీర్మానం చేసినారు. వద్దని అర్జీ రాయించినాను. అది ఇచ్చే గడువు ఆఖరి రోజు అష్టమి. ఆ రోజు నేను ఏ పనీ మొదలుపెట్టనని నీకు తెలుసు. నవమి కూడా దాటించి దశమినాడు పంచాయతీ ఆఫీసుకు తీసుకుపోయినాను.

గుమాస్తా చదవకుండానే చేతికి తిరిగిచ్చినాడు. "గడువు మొన్ననే అయిపాయ పెద్దాయనా" అన్నాడు.

"మురికి నీ గడువు చూసుకుని దిగుతుందా బావిలోకి?" అన్నాను.

నవ్వినాడు. "ఆగస్టు పదిహేను గ్రామసభలో లేచి చెప్పు. ఓటుండేవాళ్లు చేతులెత్తితే చాలు, అర్జీ వద్దు" అన్నాడు.

అది మనకు చేతనయిన పని. నువ్వూ ఉషా పద్నాలుగునాడే బస్సెక్కండి. మేస్త్రీ సెలవు ఇవ్వనంటే అన్న రమ్మన్నాడని చెప్పు. ఓటు కార్డులు మరవవద్దు. పాపకు దగ్గు తగ్గిందా? వచ్చేటప్పుడు బావికి కొత్త చేంతాడు తీసుకురా, బెంగళూరులో గట్టివి దొరుకుతాయి.

మీ వదిన దీవెనలు చెప్పమన్నది. సభలో ముందు వరుసలో కూర్చుంటాను. నా పక్కన మీ ఇద్దరికీ తుండుగుడ్డ పరచి చోటు పెట్టి ఉంచుతాను.

అన్న మునియప్ప