ముందు సీట్లో ఎవరు

అక్కకు సుజాత దండాలు. బావ నడుం నొప్పి తగ్గిందా? నాయిన చన్నీళ్ల స్నానం మానాడా? ఇక్కడ రఘు, రజిత బాగున్నారు. రఘుకు ఆరు పళ్లు వచ్చాయి, రజితకు కూడా. గాలి ఇటు మళ్లితే కంపెనీల వాసనకు కళ్లు మండుతాయి, అప్పుడు తలుపేసుకుంటాం. మిగతాదంతా బాగానే ఉంది, దిగులు పెట్టుకోకు.

కవలల్ని చెరో చంకన వేసుకుని సంగారెడ్డి ఆసుపత్రికి బస్సులో తిరగలేక, పిల్లల్ని కూర్చోబెట్టి తోసే రెండు సీట్ల బండి కొందామని రాశాను కదా. ఆయనకు కంపెనీ సెలవున్న రోజు పట్నం వెళ్లాం. దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకదాంట్లో పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు, ఇంకోదాంట్లో ఒకరి వెనక ఒకరు. దుకాణం వాడు ఆ రెండోదే నా మీదికి తోస్తున్నాడు. అమ్ముడుపోని సరుకేమో అనిపించింది.

"మడతవెడితే విమానంల గూడ వోతదమ్మా" అన్నాడు.

"మేమెక్కేది సంగారెడ్డి బస్సు. అండ్ల వట్టితే సాలు" అన్నాను. బ్రేకు నాలుగుసార్లు నొక్కి చూశాను.

ఇంతలో ఆయన జేబులోంచి తాడు తీశాడు. మా గుమ్మం వెడల్పు ముందే కొలిచి ముడి వేసుకొచ్చాడట. "పక్కపక్కది మన దర్వాజల వట్టదే. కిరాయి ఇల్లాయె, గోడ వలగ్గొడ్తమా?" అన్నాడు. ఇంత ముందుచూపు ఈయనకెక్కడిది? అత్తమ్మే నేర్పి పంపిందనుకున్నాను. ఒకరి వెనక ఒకరు కూర్చునేదే కొనుక్కుని ఇంటికొచ్చాక అదే తాడుతో గుమ్మం మళ్లీ కొలిచాను. కొలత సరిగ్గానే ఉంది.

బండి చూడగానే అత్తమ్మ, "పిలగాడు ముంగట కూసుంటడు, పిల్ల ఎనక నిమ్మళంగ పండుకుంటది" అంది. నాకు ఒళ్లు మండింది. జాతరకు పోతే తమ్ముడు నాయిన భుజాల మీద, మనిద్దరం వెనక దుమ్ములో నడవడం గుర్తుందా అక్కా? మనకు కనపడింది నాయిన వీపే. నా బిడ్డకు ఆ గతి వద్దనుకున్నాను. ఒకరోజు వాడు ముందు, ఒకరోజు ఇది ముందు అని షరతు పెట్టాను. అత్తమ్మ సరేనంది. అంత తొందరగా ఒప్పుకుందంటే ఇంకా అనుమానం వచ్చింది.

సాయంత్రాలు ఆమే పిల్లల్ని లక్డారం రోడ్డు దాకా తిప్పుకొచ్చేది. రఘు "లాలీ, లాలీ" అని లారీలను చూపించడం నేర్చాడు. రజిత నోట ఒక్క మాట లేదు. డాక్టరమ్మ చూసి, "బిడ్డకు రోగమేం లేదు, నాలుగూ చూపిస్తూ మాట్లాడించండి" అంది. ఏం చూస్తుంది, ముందు సీటు గుడ్డ తప్ప! ఒకరోజు చప్పుడు చేయకుండా వెనకే వెళ్లాను.

"ఇయ్యాల ఎవరి వంతు అత్తమ్మా?"

"పిల్లదే. సూడు, ముంగటనే ఉన్నది గదా."

నిజంగానే ముందుంది. నా చెప్పుల చప్పుడు విని మార్చి ఉంటుందనుకున్నాను.

తర్వాత మా ఆడబిడ్డకు ఒంట్లో బాగాలేక అత్తమ్మ ఊరెళ్లింది. పోయి ఇరవై రోజులైంది. ఇక నా బిడ్డకు న్యాయం జరుగుతుందని సంబరపడ్డాను. రోజూ నేనే బండి తోసుకుంటూ కూరగాయలకు వెళ్తున్నాను. నీకు పంపాలని మొన్న ఇద్దరినీ ఫోటో తీయించాను. స్టూడియో అతను రఘు గడ్డం పట్టుకుని, "రోజు నా దుకాణం ముంగటికెల్లే వోతరు గదక్కా. పిలగాడు బండిల ముంగట కూసుంటడు, ఎండకు మొఖం కమిలింది. పాప నీడకున్నది. వీనికి జెర పౌడరెయ్యి" అన్నాడు.

చూశారా అత్తమ్మ పని, అనబోయాను. ఆమె ఊళ్లో లేదని అప్పుడు గుర్తొచ్చింది.

వెనక కూర్చోబెడితే రఘు ఇల్లు పీకి పందిరేస్తాడు. రజిత ఏడవదు. ఏడవదు కదా, ఇవాళ్టికి వెనక కూర్చోనీ అని నా చేతులతో నేనే ఎత్తి పెట్టాను. రోజూ ఇవాళ్టికే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయానక్కా.

నిన్న, ఇవాళ రజితే ముందు కూర్చుంది. రఘు గొంతు చించుకుని అరిచాడు, అరవనిచ్చాను. దానికి మాటైతే రాలేదు గానీ, లారీ పోతుంటే మెడ తిప్పి చూసింది. అత్తమ్మ ఎల్లుండి వస్తుంది. ఆమెకు జరిగింది చెప్పాలి, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఎవరైనా ఇటొస్తే కాస్త పచ్చికారం పంపు. ఫోటోలో రజితనే ముందు కూర్చోబెట్టాను, నాయినకు చూపించు. ఎవరు ముందు కూర్చున్నారో అడుగు, కూర్చోబెట్టింది నేనేనని చెప్పు.

మడిచే ముందు ఈ ఉత్తరం మళ్లీ చదువుకున్నాను. మొదట్లో పిల్లల పేర్లు ఏ వరుసలో రాశానో, ఎవరి పళ్లు ముందు లెక్కపెట్టానో చూడు. కొట్టేద్దామని కలం పెట్టి కూడా ఆగాను. నీకు కనపడాలి.

పెద్దవాళ్లందరికీ దండాలు చెప్పు. రజితను దీవించు, తర్వాత రఘును, మిగిలితే నన్ను.

నీ చెల్లెలు
సుజాత