కిరణ్మయి కొండ సంచి

రాయగడ, మంగళవారం

తిరుమలా, ఇక్కడ అందరం కులాసాయే, కంగారు పడకుండా చదువు. నీ కూతురు కిరణ్మయి కాలేజీ వాళ్లతో కలిసి కొరాపుట్ అడవుల్లో నాలుగు రోజులు నడవడానికి ఈ ఉదయమే బయలుదేరింది. నువ్వు వద్దంటావని దానికి భయం. నేను సరేనన్నాను.

సంచి మొదట నేనే సర్దాను. స్టీలు క్యారేజీ, ఆవకాయ సీసా, దిండు పెట్టాను. అది అంతా మంచం మీద కుమ్మరించి, "మామ్మా, నన్ను కొండకి పంపుతన్నావా, కాపరానికి పంపుతన్నావా ఏటి?" అంది. జలగలు పడితే రాసుకోడానికని నేను కట్టిన ఉప్పు మూట ఒక్కటే ఉంచింది. పొడిబట్టలు పాలిథిన్ కవర్లో రెండు చుట్లు చుట్టి, అటుకులు, బెల్లం, మందులు, కొట్‌పాడ్ నేత తువ్వాలు పెట్టుకుంది.

బస్సు దగ్గర వాళ్ల మాస్టారు భీమారావుగారు అందరి సంచులూ ఎత్తి చూసి, మగపిల్లల చేత సగం సామాను దింపించారు. దీని సంచి విప్పి చూసి, "ఇందులో తియ్యడానికి ఏటీ నేదు. ఒరే, ఈ అమ్మిని సూసి నేర్సుకోండ్రా" అన్నారు. అది నా మనవరాలని ఆయనకు రెండుసార్లు చెప్పాను. మొదటిసారే వినిపించిందట.

కోడలి మోకాలు ఎలా ఉంది? మిక్సీ బాగుచేయించావా? ఎవరైనా ఇటు వస్తే నా బీపీ మాత్రలు పంపు.

ఫోన్ చేయక కార్డెందుకు రాశానంటావేమో. ఇది నీకు చేరేసరికి అది కొండ దిగొచ్చి నా వంటకు వంకలు పెడుతూ ఉంటుంది. అప్పుడు తీరిగ్గా వద్దని చెప్పు.

మీరిద్దరూ చల్లగా ఉండాలి.

అమ్మ