బతికిన పెట్టెకు నోటీసు, చచ్చిన పెట్టెకు మెచ్చుకోలు

శుక్రవారం

పట్టణ ప్రజారోగ్య అధికారి గారి సముఖమునకు,
మూడంతస్తుల మేడ డాబా మీద సరదాకు రెండు తేనెపెట్టెలు పెట్టుకున్న యువకుడు రాసుకొను అర్జీ.

విషయం: బతికి ఉన్న రెండవ పెట్టెకు సోమవారం మందు కొట్టి తొలగించవలెనన్న తమ ఉత్తర్వును ఆ సోమవారం రాకముందే రద్దు చేయుట గురించి.

అయ్యా,

తమరికి తీరిక ఉండదని తెలుసు. నిన్న రెండు గంటలు తమ గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, లోపల తమరు గోళ్లు కత్తిరించుకుంటున్న చప్పుడు విన్నాను. అందుకని క్లుప్తంగా, అంకెలు వేసి మనవి చేసుకొనునది యేమనగా:

1. గత బుధవారం ఉదయం తమ తనిఖీదారు గారు మా డాబాకు దయచేసినారు. మఫ్లరు విప్పలేదు. పెట్టెలకు పది అడుగుల దూరాన ఆగిపోయి, అక్కడి నుంచే నివేదిక రాసినారు. "మొదటి పెట్టె: ముంగిలి శుభ్రముగా నున్నది. సంతృప్తికరము. రెండవ పెట్టె: ముంగిట నలభై ఒక్క మృత కీటకములు. రోగగ్రస్తము. తొలగింపదగినది."

2. అయ్యా, మొదటి పెట్టెలో ప్రాణమున్న ఈగ ఒక్కటి లేదు. చచ్చి మూడు వారాలైంది. తమ శాఖ సంతృప్తి చెందినది శవపేటికను చూసి. అది ఎలా చచ్చిందన్నది ఈ అర్జీకి సంబంధం లేని విషయం.

3. ఇక రెండవ పెట్టె. చలికాలంలో తేనెటీగలు రాణిని మధ్యలో పెట్టుకుని ముద్దలా దగ్గరపడతాయి. రెక్కలు ఆడించకుండానే ఒళ్లు వణికించి వేడి పుట్టిస్తాయి. అంచున ఉన్నవి చల్లబడితే లోపలికి జరుగుతాయి, లోపలివి అంచుకు వస్తాయి. ఎవరూ ఉత్తర్వు ఇవ్వరు, ఎవరూ సెలవు పెట్టరు. వయసైపోయినవి చచ్చిపోతాయి. కాస్త ఎండ తగిలిన రోజున మిగిలినవి ఆ శవాలను ఈడ్చుకొచ్చి గుమ్మం బయట పడేస్తాయి. నలభై ఒకటీ లెక్కపెట్టిన పెద్దమనిషికి ఒక్క ప్రశ్న తట్టలేదు: వాటిని బయటికి మోసింది ఎవరు? తమ పారిశుధ్య విభాగమా?

ఆ నలభై ఒక్కింటినీ కాగితం మీద పరిచి భూతద్దంతో చూశాను. రెక్క వంకర పోయినది ఒక్కటీ లేదు. వీపున పురుగు పట్టినది ఒక్కటీ లేదు. రోగం పేరేమిటో నివేదికలోనూ లేదు.

4. పై ప్రశ్న అక్కడికక్కడే అడిగాను. జరిగిన సంభాషణ యథాతథంగా:

"చచ్చినవి కళ్లముందే కనిపిస్తున్నాయి కదయ్యా, ఇంకేం కావాలి నీకు?"

"సార్, ఒక్కసారి దగ్గరికొచ్చి చెవి ఆనించండి. లోపల హోరు వినిపిస్తుంది."

"చెవి మీద కుడితే ఎవడిది బాధ్యత? నీదా?"

"చలికి గడప దాటని ఈగలు సార్ అవి!"

"నాకు నేర్పకు. నా సర్వీసంత లేదు నీ వయసు."

నాకు ఇరవై రెండు. అంటే అంతకంటే ఎక్కువ ఏళ్లుగా ఆయన పది అడుగుల దూరం నుంచే లోకాన్ని తనిఖీ చేస్తున్నారన్నమాట.

5. ఇదంతా నా సొంత కవిత్వం కాదు. తమ శాఖే తేనెటీగల మీద అచ్చువేసిన పన్నెండు పేజీల కరపత్రంలో ఉన్నది. తమ వరండాలో గుమాస్తా గారి బల్లకు ఒక కాలు పొట్టి. పెట్టెలు పెట్టిన కొత్తలో, దాని కింద ఎత్తుకు పెట్టిన కట్టలోంచి నేనొకటి లాక్కున్నాను. బల్ల ఒరిగింది, గుమాస్తా అరిచాడు. ఆ బల్లకు తప్ప తమ శాఖలో ఆ కరపత్రం ఇంకెవరికీ ఉపయోగపడినట్టు లేదు. చదువు రానివాళ్లను నేనేమీ అనను. అచ్చువేసి చదవనివాళ్లను ఏమనాలో తెలుసు గానీ, ఈ కాగితం మా అక్క కూడా చదువుతుంది.

కావున సదరు ఉత్తర్వు రద్దు చేయవలెననియు, అందుకు మనసొప్పనిచో ఆ మందేదో మొదటి పెట్టెకు కొట్టించి, తొలగించినట్టు రాసుకుని మరొకసారి సంతృప్తి చెందవలెననియు ప్రార్థన. తమ చిత్తము పది అడుగులు దగ్గరికి రాగలిగితే చిత్తగించవలెను.

ఇట్లు,
రెండో పెట్టె విషయంలో తప్ప,
తమ విధేయుడు

జత: నివేదిక నకలు. బిళ్లల డబ్బాలో నలభై ఒక్క ఈగలు, లెక్క సరిచూసుకోవచ్చు.

తా.క.: మా అక్క ఆసుపత్రిలో నర్సు. ఇదంతా చదివి, "రెండో అంకె దగ్గర తప్పించుకున్నావురా" అంది. "ఎక్కడ?" అన్నాను. "ఎలా చచ్చిందో రాయలేదుగా. రాయి" అంది.

రాస్తున్నాను. చలి ముదిరిన మొదటి వారం భయమేసి, బతికున్నాయో లేదో చూద్దామని మొదటి పెట్టె మూత మూడుసార్లు తీశాను. పోగేసుకున్న వేడంతా మూడుసార్లూ పోయింది. కరపత్రం ఏడో పేజీ దాకా చదివి సర్వం తెలుసనుకున్నాను. చలిలో మూత తీయరాదని ఎనిమిదో పేజీలో ఉంది.

తర్వాత దాని ముంగిలి రోజూ అద్దంలా ఉండేది. అక్కను డాబా మీదికి లాక్కెళ్లి, "చూడక్కా ఎంత ఆరోగ్యమో, ఒక్క శవం లేదు" అన్నాను. "ఇంత శుభ్రమేంట్రా? మా వార్డులో ఏ చప్పుడూ లేని మంచం దగ్గరికే మేం ముందు పరిగెత్తేది" అంది. నవ్వేశాను. మోసేవాళ్లెవరూ మిగల్లేదని అప్పుడు నాకు తట్టలేదు. తమ తనిఖీదారు పది అడుగుల అవతల నిలబడి పొరపడ్డారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు ఆనించి చూసి మరీ అదే మాట అన్నాను.

సోమవారం తమరే రండి సార్. అక్క తన స్టెతస్కోపు ఇస్తానంది. రెండో పెట్టెకు ఆనించి వేలితో ఒక్కసారి తట్టండి. హోరు లేచి, మళ్లీ మెల్లగా అణుగుతుంది. లేవకపోతే మందు అక్కర్లేదు. పెట్టె నేనే కిందికి దింపుతాను.