తాతయ్య వాచ్‌లో ఐర్లండ్ టైమ్

శనివారం రాత్రి, డ్రోహెడా, ఐర్లండ్

...కానీ నిన్న ఏడ్చినంత పని లేదేమో. తాతయ్య స్విస్ వాచ్ మళ్లీ నడుస్తోంది. నేను కీ ఇస్తుంటే లోపలి కడ్డీ విరిగిందని నాన్నకి ఇంకా తెలీదు.

రిపేర్ షాపు ముసలాయన (ఇక్కడ పెద్దాళ్లు అందర్నీ 'లవ్' అనే పిలుస్తారు), "డూప్లికేట్ వేసినా నడుస్తుంది లవ్, కానీ అది దీనిది కాదు కదా" అన్నాడు. రేకు డబ్బాలన్నీ వెతికి, అదే మోడల్ చచ్చిపోయిన వాచ్ ఒకటి తీశాడు. అందులోంచి గుండుసూదంత కడ్డీ లాగి మనదాంట్లో పెట్టాడు. ఇన్నేళ్లూ మనకోసమే దాచినట్టు సరిగ్గా కూర్చుంది. కీ ఇవ్వగానే లోపలి చిన్న చక్రం ఊగడం మొదలుపెట్టింది. అంత అందమైనది నేనెప్పుడూ చూడలేదు. "గ్రాండ్" అంటూ, అంటే ఇక్కడి మాటలో 'బాగుంది' అని, ఆయన టైమ్ కూడా సరిచేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక గమనించాను. అది ఐర్లండ్ టైమ్. తాతయ్య పోయినప్పటి నుంచి నాన్న ఆ వాచ్‌ని ఇండియా టైమ్‌లోనే ఉంచుతున్నాడు. రేపు చర్చికి పెట్టుకుంటాడు. ముళ్లు తిప్పాలంటే మళ్లీ ఆ కీ బయటికి లాగాలి. మళ్లీ విరిగితే?

తలుపు కొడుతున్నాడు నాన్న.

"అమ్మలూ, పడుకున్నావా? తాతయ్య వాచ్ అల్మరాలో లేదురా."

ఇక ఈ పేజీలు దిండు కిందకి. వాచ్ అక్కడే ఉంది, టిక్ టిక్ అని ఇంత గట్టిగా...