ఏడో నెలలో ఆటలమ్మ

మార్చి 9

పొట్ట మీద నాలుగు. వీపు మీద ఎన్నో తెలియదు, అద్దం అంత వెనక్కి పట్టుకోలేకపోయాను. నీటి బొట్ల లాంటి పొక్కులు. నా యూకేజీ క్లాసులో ఇద్దరు పిల్లలు రెండు వారాలుగా రావడం లేదు. అప్పుడే అనుకోవలసింది. ఏడో నెల నాకు.

అమ్మ చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నా పొక్కులకే చేతులు జోడించింది. "తల్లొచ్చిందే" అంది, చుట్టం వచ్చినట్టు. సాయంత్రానికల్లా గుమ్మానికి వేపమండలు.

మార్చి 10

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. చిన్నప్పుడు వచ్చిందా అని అడిగారు. లేదన్నాను. మాత్రలు ఈ పూటే మొదలుపెట్టాలి, రోజుకి ఐదుసార్లు. ఇప్పుడే ఆసుపత్రికి రావద్దన్నారు, ఓపీ నిండా గర్భిణులే కదా. కానీ రెండిట్లో ఏది కనిపించినా ఆగొద్దు, ముందు ఫోన్ చేసి వచ్చేయమన్నారు — ఆయాసం. బిడ్డ కదలిక తగ్గడం.

నరేశ్‌కి కూడా చిన్నప్పుడు రాలేదట. ఆఫీసు మధ్యలో వచ్చి మాత్రల కవరు తలుపు గొళ్ళేనికి తగిలించి, మెట్ల కింద నిలబడ్డాడు. పెళ్ళయ్యాక మొదటిసారి మా ఆయన్ని కిటికీ లోంచి చూడటం. చేయి ఊపాడు. మళ్ళీ ఆఫీసుకి, అక్కణ్ణుంచి నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి. పురిటి దాకా నేను అమ్మ దగ్గరే.

కవరు అమ్మ కంటపడింది. "తల్లి ఇంట్ల ఉండంగ మందు ముట్టొద్దు బిడ్డా. కోపమొస్తది. నీ మీద చూపియ్యది, లోపలున్నదాని మీద చూపిస్తది."

సైన్సు డిగ్రీ చదివాను. పిల్లలకి పాఠాలు చెబుతాను. ఆ మాటకి భయపడకూడదు.

కవరు బీరువా మీద పెట్టేశాను.

మార్చి 11

తెల్లవారగానే మొదటి మాత్ర. ఒక రోజు పోగొట్టాను. చేజేతులా.

అమ్మ చూసింది. "నీ సదువు నీది" అంది. చప్పటి పప్పు, పెరుగన్నం. తల్లి ఉన్నన్నాళ్ళు ఇంట్లో తాలింపు వేయకూడదు. మోండా మార్కెట్‌కి కూడా పోవడం లేదు అమ్మ. ఈ ఇంటి గాలి తగిలిన నిమ్మకాయలు ఎవరికి అమ్మాలి అంటుంది. అది మాత్రం నా చదువుకి కూడా సరైన మాటే.

మార్చి 12

దగ్గు మొదలైంది. పొడి దగ్గు.

అదే రోజు, మధ్యాహ్నం

అన్నం తిని ఎడమవైపు పడుకుని పొట్ట మీద చేయి వేసుకున్నాను, డాక్టరమ్మ చెప్పినట్టే. రోజూ ఈ వేళకి లోపల పెద్ద గోల. ఇవాళ... ఒకసారి. అది కూడా తనేనా, నా దగ్గేనా?

రేపు పొద్దున దాకా చూస్తాను. ఎందుకు చూడాలో తెలియదు. వెళ్తే ఏం చెబుతారో అని భయం.

మార్చి 13

ఫోన్ చేశాను. పేరు, అడ్రసు ఒక్క ఊపిరిలో చెప్పమన్నారు డాక్టరమ్మ. పేరు చెప్పాను, ఇంటి నంబరు చెప్పాను. సీతాఫల్... 'మండి' అనేలోపే ఊపిరి చాలలేదు. "చాలమ్మా, బయలుదేరండి" అన్నారు. ఓపీ వైపు కాదు. వెనక గేటు. మాస్కు తీయొద్దు, ఆటో దిగొద్దు, సిస్టరే వస్తుంది. తోడు వచ్చేవాళ్ళకి ఇది వచ్చి పోయి ఉండాలి. అంటే అమ్మ ఒక్కతే.

తల్లి దిగి, మూడుసార్లు తలకి వేపనీళ్ళు పోసేదాకా గడప దాటొద్దు అంది అమ్మ. వాదించడానికి ఊపిరి లేదు.

"అమ్మా, బిడ్డ కదుల్తలేదు."

అంతే అన్నాను. అమ్మ లేచింది. మూలన పీట వేసింది. చెంబులో పసుపునీళ్ళు, వేపరెమ్మ, పక్కన గిన్నెలో పెరుగన్నం. ఎదురుగా గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పింది. "తల్లీ, జెర ఈడ్నే కూసో. పిల్లను దవాఖానకు తోల్కపోయొస్త. బువ్వ పెట్టిన, తిను. మా ఎంబడి రాకు, ఆడ ఏసీలుంటయ్, నీకు పడది."

నవ్వొచ్చింది. దగ్గయింది.

ఇద్దరు ఆటోవాళ్ళు వేపమండలు చూసి బండి తిప్పుకున్నారు. గల్లీ చివరి ఖాజా మామను అమ్మే వెళ్ళి పిలుచుకొచ్చింది. తనకి చిన్నప్పుడే వచ్చిపోయిందట. "ఫికర్ చెయ్యకు బిడ్డా, కూసో. సీటు నేను కడుక్కుంట తియ్" అన్నాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నన్ను అడిగి మరీ ఎక్కించాడు.

వెనక గేటు. వాచ్‌మన్ నా మొహం చూసి నాలుగడుగులు వెనక్కి. ఆటోలోనే ఇరవై నిమిషాలు. అమ్మ కొంగుతో విసురుతూనే ఉంది. నేను పొట్ట మీద చేయి తీయలేదు. ఏమీ లేదు, ఏమీ లేదు.

ర్యాంపు పక్కన చిన్న గది. డాక్టరమ్మ పొట్ట మీద మిషన్ పెట్టారు. గరగర. ఇంకో చోట. గరగర. అమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. అప్పుడు — కుట్టుమిషన్ తొక్కినట్టు, గబగబా, గబగబా.

ఉంది. ఉంది.

ఏడ్చాను. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె నా వేలికి పెట్టిన క్లిప్పు వైపు చూస్తున్నారు. ఆక్సిజన్ తక్కువగా ఉందట, ఊపిరితిత్తులకి పాకిందేమో, ఎక్స్‌రే తీయాలి, ఇప్పుడే చేరాలి. మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టారని అడిగారు. పదకొండున అని చెప్పాను. రాసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 13, సాయంత్రం

ముక్కులో గొట్టం. రాస్తుంటే కాస్త నయంగా ఉంది.

సిస్టర్ కాగితం తెచ్చింది. మీ వాళ్ళ సంతకం కావాలంది. నరేశ్ గేటు బయటే ఉన్నాడు, లోపలికి రానివ్వరు. అమ్మది వేలిముద్ర. కాగితమంతా ఇంగ్లీషు.

"ఏం రాసిన్రే అండ్ల?"

చదివాను. ఊపిరి మరీ తగ్గితే పెద్దాసుపత్రికి పంపుతారు. చెప్పాను. అవసరమైతే నెలలు నిండకుండానే ఆపరేషన్ చేస్తారు. అదీ చెప్పాను. ఆ కిందిది నాదీ బిడ్డదీ, ఇద్దరి ప్రాణాల సంగతి, ఎవరికి ఏం జరిగినా ఆసుపత్రి పూచీ లేదని. అది లోపలే చదువుకున్నాను.

"గంతేనా?"

"గంతేనమ్మా."

కాగితం తీసుకుంది. పై నుంచి కింది దాకా ఒక్కో వరుస మీదా వేలు జరుపుతూ పోయింది.

"నువ్వు చెప్పింది గింత. రాసింది గంత."

ఇంగ్లీషులో ఎక్కువ రాస్తారమ్మా అన్నాను.

సిస్టర్ ఇంకు ప్యాడ్ కోసం వెళ్ళింది. అమ్మ కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాగితం వైపు చూడటం లేదు, నన్ను చూస్తోంది. నేను తల ఎత్తకుండా రాస్తున్నాను.