చుక్కల సూపు, కోర్తెలాజ్జి వారి ప్రగాఢ సంతాపం

గ్వాస్తల్లా,
ఫిబ్రవరి 3, 1958

కోర్తెలాజ్జి పాస్తా ఫ్యాక్టరీ పెద్దలకు,

నమస్కారాలు. నా పేరు ఒర్తెన్సియా బొన్ఫాత్తి. మా ఆయన ఎవరిస్తోకి ఈ ఊళ్ళో సెలూన్ ఉంది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నోరు మూసుకోగా నేను చూడలేదు. నిద్రలో కూడా ఎవరికో గడ్డం గీస్తూ కబుర్లు చెబుతుంటారు. అలాంటి మనిషికి పోయిన నెల కడుపు ఆపరేషన్ అయింది. కోడి సూపులో బుల్లి బుల్లి నక్షత్రాల్లాంటి చుక్కల పాస్తా వేసి పెట్టండి, ఇంకేం వద్దు అన్నారు డాక్టరుగారు. మా ఇంట్లో చుక్కలంటే మీ చుక్కలే.

కోడిని ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ కాడతో సన్నసెగ మీద పొద్దంతా ఉడికిస్తున్నాను. తేట రసం వడకట్టి, మళ్ళీ మరిగించి, మీ చుక్కలు పోసి, చివర్న ఇంత వెన్న, పైన చీజు తురుము. ఏం తక్కువైందో మీరే చెప్పండి! ఆయన రెండు చెంచాలు తిని, "మట్టి తిన్నట్టుందే" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇంతవరకూ ఇటు తిరగలేదు.

మా అత్తగారు ఇదే సూపు మీ చుక్కలతోనే చేసేవారట, ఈయన గిన్నె నాకేవారట. మీ దగ్గర వంట తెలిసినవాళ్ళెవరైనా ఉంటే నా పొరపాటేంటో ఒక్క ముక్క రాయించండి. మనిషి చిక్కి సగమయ్యారు. నాకు భయంగా ఉంది.

ఇట్లు,
ఒర్తెన్సియా

తా.క.: అత్తగారినే అడగొచ్చు కదా అనకండి. ఆవిడ పైకి వెళుతూ సూపు గిన్నె నాకిచ్చారు, గుట్టు మాత్రం వెంట పట్టుకెళ్ళారు.

*

కోర్తెలాజ్జి పాస్తా ఫ్యాక్టరీ,
ఫిర్యాదుల విభాగం,
ఫిబ్రవరి 7

విషయం: చుక్కల పాస్తాలో మట్టి ఉన్నదన్న తమ ఫిర్యాదు.

అమ్మా,

తమ ఉత్తరము అందినది. మా గోధుమలను మూడు నీళ్ళలో కడిగిన పిదప మాత్రమే మర పట్టించెదము. మట్టికి అవకాశము లేదు. అయినను, తిన్న తదుపరి తమ భర్తగారు ఇటు తిరగకపోవుట మమ్ములను కలచివేసినది. మా గౌరవసూచకముగా ఒక పెద్ద పెట్టె నిండా చుక్కల పాస్తా ఉచితముగా పంపుచున్నాము. ఇంట మిగిలియున్న పాత పొట్లమును పరీక్ష నిమిత్తము మాకు పంపగలరు.

ఇట్లు తమ విధేయుడు,
లియార్కో మాంతోవి

తా.క.: ఈ సంగతి పత్రికలవారి చెవిన వేయరని ఆశించుచున్నాము. ఒకవేళ వేసినచో, మా పేరులో జ కింద జ వత్తు ఉన్నదని మరువకుందురు గాక.

*

గ్వాస్తల్లా,
ఫిబ్రవరి 11

మాంతోవిగారికి,

అయ్యో, నేను ఫిర్యాదు ఎక్కడ చేశానండీ! సలహా అడిగాను. మీ పెట్టె వచ్చింది, సంతోషం. కానీ దాన్ని చూశాక పరిస్థితి ఇంకా దిగజారింది. "ఇదంతా నేనే తినాలా? అయితే నా పని అయిపోయిందే" అన్నారు. అదే ఆఖరి మాట. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇల్లు శ్మశానంలా ఉంది. సెలూన్ మూసేసి అద్దాలకి నల్లగుడ్డ కప్పాను. నిన్న ఫాదర్‌గారు మాసిన గడ్డంతో వచ్చి, మంచం పక్కన కాసేపు నిలబడి, శిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయారు. ఊళ్ళో మగాళ్ళందరి జుట్టూ చెవులు దాటింది. అద్దంలో మొహం చూసుకున్నప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటున్నారు.

నేనొక్కదాన్నే వంటింట్లో నిలబడి తింటున్నాను. ముద్ద దిగడం లేదు. ఉప్పు ఎక్కువైందా, తక్కువైందా, అదైనా చెప్పండి.

ఇట్లు,
ఒర్తెన్సియా

తా.క.: మీరడిగిన పొట్లం పంపలేను, కోళ్ళకి వేశాను. వాటిలో రెండు ఇప్పటికే పోయాయి. రేపు ఇంకోటి పోతుంది.

*

కోర్తెలాజ్జి పాస్తా ఫ్యాక్టరీ,
ఫిబ్రవరి 15

విషయం: తమ భర్తగారి మరణము (మరియు కోళ్ళు).

అమ్మా,

ఏమని వ్రాయుదును? తమ ఉత్తరము చదివి మా డైరెక్టరుగారు కుర్చీలోనుండి లేవలేకపోయినారు. చుక్కల యంత్రమును ఆ క్షణమే ఆపించి, దానిపై పనిచేయు వారినందరినీ ఇళ్ళకు పంపినారు. వచ్చే గురువారము డైరెక్టరుగారు, లాయరుగారు స్వయముగా వచ్చి తమను పరామర్శించెదరు. సంస్థ తరఫున మా ప్రగాఢ సంతాపము.

కన్నీళ్ళతో,
లియార్కో మాంతోవి

తా.క.: రేపు పోవలసియున్న కోడిని దయచేసి పశువుల డాక్టరుకు చూపించగలరు. ఆశ వదులుకోరాదు.

*

గ్వాస్తల్లా,
ఫిబ్రవరి 21

మాంతోవిగారికి,

మట్టి తిని, గోడవైపు తిరిగి, కోళ్ళతో సహా కాలం చేసిన ఎవరిస్తో బొన్ఫాత్తి రాయునది ఏమనగా, నేనిక్కడ క్షేమం. కోళ్ళు పోయింది నా సూపులోకే. మీ సంతాపం ఇవాళే చేరింది. పోస్ట్‌మ్యాన్ నా చేతికే ఇచ్చాడు.

నిన్న పొద్దున మా ఆవిడ బజారుకి వెళ్ళింది. ఎవరో తలుపు కొడుతుంటే నేనే లేచి, గోడ పట్టుకుని వెళ్ళి తీశాను. ఎదురుగా మనిషంత పూలచక్రం. దాని వెనక నల్లకోట్లలో ఇద్దరు, టోపీలు తీసి పట్టుకుని.

"చనిపోయినవారు ఎక్కడున్నారండీ?" అన్నారు పొడుగాయన. ఆయనే మీ లాయరుగారట.

"ఎవరు?"

"ఎవరిస్తోగారు."

"నేనేనండీ. లోపలికి రండి, బయట చలి" అన్నాను.

లాయరుగారు మెట్టు మీదే కూలబడ్డారు. మీ డైరెక్టరుగారు మాత్రం నన్ను కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. వారం రోజులుగా కంటిమీద కునుకు లేదట పాపం. మా ఆవిడ తిరిగొచ్చి, పూలచక్రం చూసి, సంచీ వదిలేసి కెవ్వుమంది. నన్ను చూశాక ఇంకోసారి కెవ్వుమంది, మంచం దిగినందుకు.

వచ్చినవాళ్ళకి పెట్టడానికి ఇంట్లో నా సూపు తప్ప ఏముంది? బల్లమీద రెండు గిన్నెలు పెట్టింది. లాయరుగారు జుర్రుకుంటూ, "డైరెక్టరుగారూ, మీ ఇంట్లో పెట్టే సూపు దీని ముందు కడుగునీళ్ళండీ" అన్నారు. ఆయనకి కోపమొచ్చింది. వెన్న ముందు వెయ్యాలా, చీజు ముందు వెయ్యాలా అని ఇద్దరూ వాదనకి దిగారు. ఇంత వాదన నా ఇంట్లో జరుగుతుంటే నేను గోడ చూస్తూ పడుకుంటానా? కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చున్నాను. వెన్న నుంచి మా ఊరి పక్క పారే పో నది వరదలకి, వరదల నుంచి సైకిల్ పందేలకి వెళ్ళాం. చూసుకుంటే నా ముందున్న గిన్నె ఖాళీ. అది లాయరుగారిది.

ఒర్తెన్సియా గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది. "అదే కోడి, అవే చుక్కలు. నేను పెడితే మట్టయిందా?" అని ఏడుపందుకుంది.

నాకూ అప్పుడే తెలిసింది, మాంతోవిగారూ. ఇన్నాళ్ళూ తను మంచం పక్కన పోలీసులా నిలబడి ఒక్కో చెంచా నా నోట్లోకి వెళ్ళేదాకా చూసేది. నేను నోరు తెరిస్తే "మాట్లాడకండి, కుట్లు" అనేది. నాకు లేని మాంసం నా ఎదుట తినడం పాపమని తన భోజనం వంటింట్లో దాక్కుని తినేది. ఎదురుగా ఇంకో గిన్నె లేకుండా నేనెప్పుడు తిన్నాను? అదే చెప్పాను.

"ఆ మాట మొదటి రోజే చెప్పి చావొచ్చుగా!" అంది.

"మాట్లాడొద్దన్నావుగా!" అన్నాను.

ఏడుస్తూనే నవ్వింది. లాయరుగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు, సూపు ఆవిరి అని చెప్పి.

ఇక అసలు విషయం. చుక్కల యంత్రం వెంటనే తిప్పమనీ, అందరినీ పనిలోకి పిలవమనీ, ఆగిన రోజులకి ఎవరి జీతం కొయ్యొద్దనీ డైరెక్టరుగారి ఆజ్ఞ. వారిద్దరూ రాత్రి మా ఇంట్లోనే ఆగిపోయారు, ఇవాళ కూడా అక్కడికి రావడం లేదు. పొగమంచు దట్టంగా ఉందంటున్నారు. మధ్యాహ్నం కూడా సూపే అని తెలిశాక ఇంకా దట్టమైంది.

ఉంటాను. ఒర్తెన్సియా తన గిన్నె కూడా బల్లమీదే పెట్టుకుని నన్ను పిలుస్తోంది.

ఇట్లు,
బతికున్న మీ
ఎవరిస్తో

తా.క.: డైరెక్టరుగారి మీసం ఒక పక్క పొట్టిగా కనబడితే ఆఫీసులో ఎవరూ నవ్వకండి. నెల తర్వాత కత్తెర పట్టాను, పైగా చెప్పాల్సిన కబుర్లు చాలా మిగిలిపోయాయి.